అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్ లైబ్రరీలు: ధర్మకాంటా ప్రోగ్రామ్ ఉదాహరణగా

మీరు మిర్యాలగూడ రైస్‌మిల్లులకు ధర్మకాంటా సాఫ్ట్‌వేర్ రాసి అమ్మాలనుకున్నారు అనుకుందాం. లారీ కాంటా ఎక్కగానే ఇండికేటర్ నుంచి బరువు చదవాలి. కెమెరా బండి నంబర్ పట్టాలి. గ్రాస్‌లోంచి (సరుకుతో బండి బరువు) టేర్ (ఖాళీ బండి బరువు) తీసేసి నెట్ లెక్కగట్టాలి. మిల్లుకైతే కాంటా చీటీ, బాదేపల్లి మార్కెట్‌లో అడ్తిదారుకైతే తక్‌పట్టీ తెలుగులో ప్రింట్ కావాలి. పైథాన్ వచ్చినవాళ్లు మామూలుగా తెచ్చుకునే సరంజామా ఇలా ఉంటుంది: స్క్రీన్లకు పైక్యూటీ, సీరియల్ కేబుల్‌కు పైసీరియల్, పీడీఎఫ్‌కు పైమ్యూపీడీఎఫ్, డేటాకు మైఎస్‌క్యూఎల్, దానితో మాట్లాడటానికి మైఎస్‌క్యూఎల్‌క్లయింట్, నంబర్ ప్లేటుకు అల్ట్రాలిటిక్స్ యోలో, అక్షరాలకు మండలి ఫాంట్. అన్నీ పైసా ఖర్చు లేకుండా దిగుతాయి, అన్నీ చక్కగా పనిచేస్తాయి.

వీటిలో పైక్యూటీ, పైమ్యూపీడీఎఫ్, మైఎస్‌క్యూఎల్‌క్లయింట్, యోలో నాలుగూ సోర్స్ (మీరు రాసిన కోడ్) దాచుకుని అమ్మే సాఫ్ట్‌వేర్‌లో పెట్టకూడనివి. మొదటిది, మూడోది జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఉన్నాయి. మిగతా రెండూ దానికంటే కఠినమైన ఏజీపీఎల్ కింద. జీపీఎల్ అమ్మకాన్ని అడ్డుకోదు, ఎంతకైనా అమ్ముకోవచ్చు. కానీ కొన్న మిల్లు యజమానికి మీ ప్రోగ్రామ్ మొత్తం సోర్స్ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఆయన పక్క మిల్లుకు కాపీ ఊరికే ఇచ్చినా మీరు కాదనలేరు. ఆ వ్యాపారం మీకు కుదిరితే ఇబ్బందే లేదు. కుదరదంటే ఈ నాలుగింటినీ మార్చాలి. నాలుగింటికీ బదులు దొరుకుతుంది. కోడ్ రాయకముందు మారిస్తే ఒక పూట పని. ఊరంతా ఇన్‌స్టాల్ అయ్యాక మార్చాలంటే స్క్రీన్లన్నీ మళ్లీ పరీక్షించి, ప్రతి మిల్లుకూ తిరగాలి.

ఫైల్ మీ చేయి దాటుతోందా?

లైసెన్స్ పేరు చూడకముందే ఈ సంగతి తేల్చుకోండి. జీపీఎల్ షరతులు దాదాపు అన్నీ, కాపీ ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడే మొదలవుతాయి. మీ ఆఫీసులో మీరు మాత్రమే వాడుకునే టూల్‌లో జీపీఎల్ కోడ్ ఎంత ఉన్నా ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ తీసుకెళ్లి మిల్లు కంప్యూటర్‌లో ఎక్కిస్తే అది పంపిణీ. ఏపీకే ఫైల్ వాట్సాప్‌లో పంపినా పంపిణీయే. వెబ్ అప్లికేషన్‌లో సర్వర్ మీద నడిచే భాగం పంపిణీ కిందికి రాదు. బ్రౌజర్‌కు చేరే జావాస్క్రిప్ట్ మాత్రం వస్తుంది. ఎక్కువమంది మర్చిపోయేది దీన్నే.

సర్వర్ మీదే ఉంచుకుంటే గొడవ లేదనుకునేవాళ్ల కోసమే ఏజీపీఎల్ 3 పుట్టింది. 2007 నవంబరులో వచ్చిన ఈ లైసెన్స్ 13వ సెక్షన్ ప్రకారం, మార్చిన ప్రోగ్రామ్‌ను నెట్‌వర్క్ మీదుగా వాడుకునేవాళ్లకు కూడా దాని సోర్స్ అందుబాటులో పెట్టాలి. మీ కోడ్‌తో కలిపి కట్టడాన్ని కూడా మార్పుగానే లెక్కగట్టి జాగ్రత్తపడటం మంచిది. బండి నంబర్ చదివే పనిని క్లౌడ్‌కు మార్చినంత మాత్రాన యోలో సమస్య తీరదన్నమాట.

ఒకే క్లయింట్‌కు పని చేసి ఇచ్చేవాళ్ల లెక్క కొంచెం వేరు. జీపీఎల్ కోడ్ వాడినా సోర్స్ ఇవ్వాల్సింది కాపీ అందుకున్న క్లయింట్‌కే. ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టాలన్న నియమం ఏదీ లేదు. సోర్స్ ఎలాగూ అప్పగించే ఒప్పందమైతే భారం తక్కువే. కానీ నల్గొండ ఐటీ హబ్‌లోనో, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లి ఐటీ టవర్‌లోనో కూర్చుని బయటి కంపెనీలకు కోడ్ రాసే చిన్న బృందాలు ఒప్పందంలో ఇంకో వాక్యం చూసుకోవాలి. ‘అప్పగించే కోడ్‌లో కాపీలెఫ్ట్ లైసెన్స్ ఉన్నదేదీ లేదని హామీ ఇస్తున్నాం’ అనో, నష్టం వస్తే భర్తీ చేస్తామనో అందులో ఉంటుంది. కాపీలెఫ్ట్ అంటే సోర్స్ మళ్లీ ఇవ్వాలనే షరతు. ఆ షరతు కొంతే ఉన్న ఎంపీఎల్ ఫైల్ ఒక్కటున్నా ఆ హామీ అబద్ధమైపోతుంది. సంతకానికి ముందే మీరు వాడే లైబ్రరీల పట్టిక ఒప్పందానికి జత చేసి, ‘వీటికి తప్ప’ అని రాయించుకోండి. అలా అడిగితే క్లయింట్లు సాధారణంగా కాదనరు.

మూడు కుప్పలు

మొదటి కుప్ప ఎంఐటీ, బీఎస్‌డీ, ఐఎస్‌సీ, అపాచీ 2.0. వీటిని నిశ్చింతగా పెట్టుకోవచ్చు. కాపీరైట్ వాక్యం, లైసెన్స్ పాఠం మీ సరుకుతో పాటు వెళ్తే చాలు. అపాచీ 2.0కి రెండు అదనపు పనులున్నాయి. లైబ్రరీలో నోటీస్ అనే ఫైల్ ఉంటే అందులోని మాటలు కూడా మీ ప్రోగ్రామ్‌తో వెళ్లాలి. మీరు మార్చిన ఫైళ్లలో మార్చినట్టు రాయాలి. దానికి బదులుగా రాసినవాళ్ల పేటెంట్ హక్కుల నుంచి రక్షణ దొరుకుతుంది, ఎంఐటీలో ఆ మాట విడిగా రాసి లేదు. ఎస్‌క్యూలైట్ లాంటివి పబ్లిక్ డొమైన్, వాటికి కాపీరైట్ వాక్యం పెట్టాలన్న షరతు కూడా లేదు.

రెండో కుప్ప ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ 2.0, ఈపీఎల్. మీ కోడ్ దాచుకోవచ్చు గానీ ఆ లైబ్రరీకి సంబంధించినంత వరకు సోర్స్ ఇవ్వాలి. ఎంపీఎల్ హద్దు ఫైల్. వాళ్ల ఫైల్‌లో మీరు నాలుగు వరుసలు మారిస్తే ఆ ఫైల్ సోర్స్ ఇవ్వాలి, పక్కన మీరు కొత్తగా పెట్టుకున్న ఫైల్ మీదే. అందుకే ఎంపీఎల్ లైబ్రరీలో మీ వ్యాపార రహస్యాన్ని వాళ్ల ఫైల్‌లోనే ఇరికించకండి, వేరే ఫైల్‌లో రాసి పిలవండి. ఎల్‌జీపీఎల్ సంగతి కింద విడిగా ఉంది, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే.

మూడో కుప్ప జీపీఎల్, ఏజీపీఎల్. సోర్స్ ఇవ్వనంటే వీటిని ప్రోగ్రామ్‌లో లింక్ చేయకూడదు. దీన్ని ఎవరూ పట్టించుకోరనే ధీమా వద్దు. కొరియా కంపెనీ హాన్‌కామ్ తన ఆఫీస్ ప్రోగ్రామ్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ పెట్టిందని, దాని హక్కుదారు ఆర్టిఫెక్స్ 2016 డిసెంబరులో అమెరికాలో కేసు వేసింది. జీపీఎల్ ఉల్లంఘనను కాంట్రాక్టు ఉల్లంఘనగా కూడా విచారించవచ్చని కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు 2017లో కేసు కొట్టేయడానికి నిరాకరించింది. ఆ తర్వాత రెండు పక్షాలూ రాజీపడ్డాయి. పైమ్యూపీడీఎఫ్ కూడా ఆ ఆర్టిఫెక్స్‌దే.

ఈ మూడింట్లోనూ చేరనివి కొన్ని ఉన్నాయి. ఎస్‌ఎస్‌పీఎల్, బిజినెస్ సోర్స్ లైసెన్స్ లాంటివాటికి సోర్స్ కనిపిస్తుంది గానీ అవి ఓపెన్ సోర్స్ కావు. మోంగోడీబీ 2018లో, టెర్రాఫామ్ 2023లో అలా మారాయి. వెర్షన్ మారితే లైసెన్స్ మారుతుందని గుర్తుంచుకుని, పాత వెర్షన్ ఏ లైసెన్స్‌తో తెచ్చుకున్నారో రాసి పెట్టుకోండి. పీడీఎఫ్ లైబ్రరీ ఐటెక్స్ట్ దీనికి పాత ఉదాహరణ. 2.1.7 వరకు ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్. 5వ వెర్షన్ నుంచి ఏజీపీఎల్. జావాలో బిల్లులు రాసే ప్రోగ్రామ్‌లు అప్‌డేట్ బటన్ నొక్కి ఇందులో చిక్కుకుంటాయి. ఆ పాత కోడ్ నుంచే సాగుతున్న ఓపెన్‌పీడీఎఫ్ ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ కిందే ఉంది, దానికి మారండి.

అసలు లైసెన్సే లేని రిపోజిటరీ? అదే అన్నిటికంటే ప్రమాదం. గిట్‌హబ్‌లో అందరికీ కనిపిస్తోందంటే వాడుకోమని అర్థం కాదు. లైసెన్స్ రాయలేదంటే అన్ని హక్కులూ రాసినవారివే. ఇష్యూ తెరిచి లైసెన్స్ పెట్టమని మర్యాదగా అడగండి, చాలామంది పెడతారు. ఎన్‌పీఎం ప్యాకేజీల్లో ఇంకో ఉచ్చు ఉంది: లైసెన్స్ గడిలో ‘అన్‌లైసెన్స్’ అని ఉంటే పూర్తిగా మీ ఇష్టం, ‘అన్‌లైసెన్స్‌డ్’ అని ఉంటే ఏ హక్కూ ఇవ్వలేదని. ఒక్క అక్షరం తేడా.

నాలుగింటినీ మార్చడం

పైక్యూటీ స్థానంలో పైసైడ్6 పెట్టండి. రెండూ స్క్రీన్లు గీసే క్యూటీ అనే ఒకే లైబ్రరీ మీద నిలబడ్డవే. ఇంపోర్ట్ వరుసలు, సిగ్నల్, స్లాట్ పేర్లు తప్ప కోడ్ దాదాపు అలాగే ఉంటుంది. పైసైడ్6 ఎల్‌జీపీఎల్ 3 కింద దొరుకుతుంది. అయితే క్యూటీలో కొన్ని మాడ్యూళ్లకు ఎల్‌జీపీఎల్ లేదు, ఉంటే జీపీఎల్, కాదంటే డబ్బు కట్టే లైసెన్స్. క్యూటీ చార్ట్స్, వర్చువల్ కీబోర్డ్ అలాంటివే. రోజువారీ తూకాల గ్రాఫ్ కోసం చార్ట్స్ ఇంపోర్ట్ చేశారంటే మొదటికే మోసం. గ్రాఫ్‌కు ఎంఐటీ లైసెన్స్ ఉన్న పైక్యూటీగ్రాఫ్ వాడండి. పేరులో పైక్యూటీ ఉన్నా అది పైసైడ్6తోనూ నడుస్తుంది.

చీటీ ప్రింట్ చేయడానికి పైమ్యూపీడీఎఫ్ అక్కరే లేదు. క్యూటీలోనే పీడీఎఫ్ రాసే క్లాస్ ఉంది. పైగా క్యూటీ అక్షరాలను హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ద్వారా పేరుస్తుంది కాబట్టి ‘తక్‌పట్టీ’లో ఒత్తులు, ‘కృష్ణా స్ట్రీట్’లో గుణింతాలు సరిగ్గా పడతాయి. ఇలా పేర్చడం (షేపింగ్) లేకుండా అక్షరాలను వరుసగా పెట్టేసే పీడీఎఫ్ లైబ్రరీలో ఒత్తు పక్కకు జారి, తెలుగు చదవడానికి వీల్లేకుండా వస్తుంది. లైసెన్స్ బాగుందని లైబ్రరీ ఎంచుకునే ముందు ‘స్త్రీ’, ‘క్ష్మి’, ‘ర్త్య’ ఉన్న ఒక చీటీ ప్రింట్ చేసి చూడండి.

డేటాకు ఒకే కంప్యూటర్ ఉన్న కాంటా అయితే ఎస్‌క్యూలైట్ పుష్కలం. ఆఫీసులో రెండో కంప్యూటర్ కూడా చూడాలంటే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. దాని లైసెన్స్ మొదటి కుప్పలోదే. మైఎస్‌క్యూఎల్‌నే ఉంచుకోవాలంటే డ్రైవర్‌గా ఎంఐటీ లైసెన్స్ ఉన్న పైమైఎస్‌క్యూఎల్ వాడండి. ఇక సర్వర్ విషయానికొస్తే, అది సాకెట్ మీదుగా మాట్లాడే విడి ప్రోగ్రామ్. మీ ఇన్‌స్టాలర్‌లో కలిపిస్తే దాన్ని పంచినవాళ్లు మీరే అవుతారు, దాని సోర్స్ బాధ్యత కూడా మీదే. మిల్లువాళ్లే విడిగా ఇన్‌స్టాల్ చేసుకునేలా వదిలేస్తే ఆ బరువు ఉండదు.

నంబర్ ప్లేటు గుర్తించడానికి యోలోఎక్స్ ఉంది, అపాచీ 2.0. అక్షరాలు చదవడానికి టెసరాక్ట్, అదీ అపాచీ 2.0. ఇక్కడ కోడ్ ఒక్కటే చూస్తే సరిపోదు. తర్ఫీదు ఇచ్చిన మోడల్ ఫైల్‌కూ, ఆ తర్ఫీదుకు వాడిన ఫొటోలకూ వేర్వేరు లైసెన్సులుంటాయి. పరిశోధనకు మాత్రమే అని రాసి ఉన్న డేటాసెట్‌తో చేసిన మోడల్ అమ్మే సరుకులో పెట్టొద్దు. మీ కాంటా కెమెరా తీసిన ఫొటోలతో, మిల్లు యజమాని రాతపూర్వక ఒప్పుదలతో మీరే తర్ఫీదు ఇవ్వడం ఖర్చెక్కువైనా నికరమైన దారి. లేదంటే అల్ట్రాలిటిక్స్ దగ్గరే కమర్షియల్ లైసెన్స్ కొనండి. పైక్యూటీకీ, పైమ్యూపీడీఎఫ్‌కూ కూడా అమ్మకపు లైసెన్సులున్నాయి. ఎక్కువ కాపీలు అమ్మేవాళ్లకు తిరగరాయడం కంటే కొనడమే చవక కావచ్చు, లెక్క వేసి చూసుకోండి.

ఎల్‌జీపీఎల్: డైనమిక్ లింక్ ఒక్కటే చాలదు

‘డీఎల్‌ఎల్‌గా పెడితే సరి’, అంటే లైబ్రరీని ప్రోగ్రామ్‌లో కలిపేయకుండా విడి ఫైల్‌గా ఉంచితే చాలు అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. అది సగం నిజం. ఎల్‌జీపీఎల్ అసలు ఉద్దేశం, కొన్నవారు ఆ లైబ్రరీని తమకు నచ్చినట్టు మార్చి, మీ ప్రోగ్రామ్‌లో దాన్ని పెట్టుకుని నడుపుకోగలగాలి. దీనికి అడ్డొచ్చేది ఏదైనా ఉల్లంఘనే.

పైథాన్ ప్రోగ్రామ్‌ను పైఇన్‌స్టాలర్‌తో కట్టేటప్పుడు మొదటి తప్పు జరుగుతుంది. అన్నీ ఒకే ఎక్స్ఈ ఫైల్‌లో ముద్ద చేస్తే క్యూటీ డీఎల్‌ఎల్‌లు లోపల మూటగట్టి ఉంటాయి, మార్చుకోవడం అసాధ్యమంత కష్టం. ఒకే ఫోల్డర్ పద్ధతిలో కట్టండి. పైఇన్‌స్టాలర్ 6 నుంచి మీ ఎక్స్ఈ పక్కన ‘ఇంటర్నల్’ అనే ఫోల్డర్ వస్తుంది, క్యూటీ ఫైళ్లన్నీ అందులో విడివిడిగా ఉంటాయి. పైఇన్‌స్టాలర్ జీపీఎల్ కదా అని కంగారు పడొద్దు. దానితో కట్టిన ప్రోగ్రామ్‌లకు జీపీఎల్ అంటకుండా ప్రత్యేక మినహాయింపు రాసి ఉంది.

రెండో తప్పు దొంగ కాపీల భయంతో చేసేది. ప్రోగ్రామ్ తెరుచుకునేటప్పుడు ఫోల్డర్‌లోని ప్రతి ఫైల్ హాష్ (ఫైల్ మారితే మారిపోయే గుర్తు సంఖ్య) సరిచూసి, తేడా ఉంటే ఆగిపోయేలా కొందరు రాస్తారు. క్యూటీ ఫైళ్లను కూడా ఆ పరీక్షలో పెడితే మార్చుకునే హక్కు పోయినట్టే. మీ సొంత ఫైళ్లకే ఆ తాళం వేయండి.

మూడోది సోర్స్ ఇవ్వకపోవడం. మీరు క్యూటీలో ఒక్క అక్షరం మార్చకపోయినా, మీరు పంచిన వెర్షన్ సోర్స్ అందేలా చూడాల్సింది మీరే. నెట్ ద్వారా ఇన్‌స్టాలర్ ఇస్తే, సోర్స్ వేరే సర్వర్‌లో ఉన్నా లింక్ స్పష్టంగా ఇవ్వొచ్చు. కానీ ఆ లింక్ చచ్చిపోతే జవాబుదారీ మీరే. పెన్‌డ్రైవ్‌లో ఇస్తే రెండు దారులు: సోర్స్ కూడా అదే పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడం, లేదా అడిగినవాళ్లకు ఇస్తామని కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వడం. ఎల్‌జీపీఎల్ 3లో అయితే ఆ ప్రోగ్రామ్‌కు మీరు సర్వీస్ ఇస్తున్నంత కాలమూ ఆ హామీ చెల్లాలి. మిల్లుల్లో ఏళ్ల తరబడి ఏఎంసీ (వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందం) నడుస్తుంది కాబట్టి మొదటి దారే సుఖం. ‘సోర్స్’ అనే ఫోల్డర్‌లో మీరు వాడిన క్యూటీ మాడ్యూళ్లు, పైసైడ్ జిప్‌లు పెట్టి ఇచ్చేస్తే ఆ బాధ్యత అక్కడికక్కడే తీరిపోతుంది.

నాలుగోది మీ ఒప్పంద పత్రం. ‘రివర్స్ ఇంజినీరింగ్ పూర్తిగా నిషిద్ధం’ అని ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన వాక్యం ఎల్‌జీపీఎల్‌కు ఎదురు పడుతుంది. మార్చిన లైబ్రరీని డీబగ్ చేసుకోవడానికి రివర్స్ ఇంజినీరింగ్ చేసుకోనివ్వాలని ఆ లైసెన్స్ చెబుతుంది. వాక్యం ఇలా మార్చండి: ‘మూడో పక్షాల లైబ్రరీలకు వాటి సొంత లైసెన్సులే వర్తిస్తాయి. ఆ లైసెన్సులు అనుమతించిన మేరకు తప్ప రివర్స్ ఇంజినీరింగ్ చేయరాదు.’

పంపే ముందు ఒక పరీక్ష చేయండి. కట్టిన ఫోల్డర్‌ను మీ పైథాన్ లేని వేరే కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. అదే వెర్షన్ క్యూటీని విడిగా తెచ్చుకుని, అందులోని క్యూటీ6కోర్ డీఎల్‌ఎల్‌ను ఇంటర్నల్ ఫోల్డర్‌లో దానికి బదులుగా పెట్టండి. ప్రోగ్రామ్ తెరుచుకుని బరువు చదివిందంటే మీరు దారిలోనే ఉన్నారు.

తీగ లాగితే డొంకంతా

మీరు పేరు పెట్టి తెచ్చుకున్న లైబ్రరీలు పది ఉంటే, వాటి వెనక వచ్చేవి వంద ఉండొచ్చు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఒక్క ఇన్‌స్టాల్‌తో అవన్నీ దిగుతాయి. చేత్తో లెక్కబెట్టొద్దు. పైథాన్‌కు పిప్-లైసెన్సెస్, నోడ్‌కు లైసెన్స్-చెకర్, రస్ట్‌కు కార్గో-డెనై, మేవెన్‌కు లైసెన్స్ ప్లగిన్ ఉన్నాయి. రోజూ వాడే కంప్యూటర్‌లో నడిపితే మీ ప్రయోగాల చెత్తంతా పట్టికలో చేరుతుంది. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరిచి, రిలీజ్‌కు కావాల్సినవే ఇన్‌స్టాల్ చేసి అందులో నడపండి. నోడ్‌లో అయితే ప్రొడక్షన్ డిపెండెన్సీలు మాత్రమే అడగండి.

ఈ టూళ్లు ప్యాకేజీ రచయిత రాసుకున్న లేబుల్ చదువుతాయి, డబ్బా లోపల ఏముందో చూడవు. ఫొటోలు, వీడియోలు విశ్లేషించే లైబ్రరీ ఓపెన్‌సీవీ మంచి ఉదాహరణ. 4.5 నుంచి అపాచీ 2.0 అని లేబుల్ చెబుతుంది. పిప్‌తో దిగే పైథాన్ ప్యాకేజీలో మాత్రం ఎఫ్ఎఫ్ఎంపెగ్ కూడా కూర్చుని ఉంటుంది, అది ఎల్‌జీపీఎల్ 2.1. లినక్స్ ప్యాకేజీలో దానితో పాటు క్యూటీ కూడా ఉంటుంది, స్క్రీన్ అవసరం లేకపోతే హెడ్‌లెస్ రకం తెచ్చుకోండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను మీరే కంపైల్ చేసుకుంటే ఇంకా జాగ్రత్త. జీపీఎల్ ఆప్షన్ ఆన్ చేసి ఎక్స్264 కలిపితే మొత్తం జీపీఎల్ అవుతుంది. నాన్‌ఫ్రీ ఆప్షన్ ఆన్ చేస్తే అసలు ఎవరికీ పంచడానికే వీల్లేదు. లేబుల్ మీద అనుమానముంటే స్కాన్‌కోడ్ టూల్‌కిట్‌తో ఫైళ్లనే వెతికించండి. నెమ్మదిగా నడుస్తుంది, కానీ లోపలి లైసెన్స్ పాఠాల్ని పట్టుకుంటుంది.

‘తెలియదు’ అని వచ్చిన ప్రతి వరుసనూ చేత్తో తేల్చాకే రిలీజ్. ఆ పట్టికను ప్రతి బిల్డ్‌లోనూ నడిపి, మూడో కుప్పలోది కొత్తగా కనబడితే బిల్డ్ ఆగిపోయేలా పెట్టండి. కుర్రాడు శుక్రవారం సాయంత్రం తెచ్చిన చిన్న ప్యాకేజీ డెలివరీ రోజు కాకుండా ఆ సాయంత్రమే బయటపడుతుంది.

ప్రభుత్వ శాఖలకు అమ్మే ఆలోచన ఉంటే సిఫ్ట్ అనే టూల్‌తో ఎస్‌బామ్ (ప్రోగ్రామ్‌లోని భాగాల పట్టిక) కూడా తయారు చేసుకోండి. ఎస్‌పీడీఎక్స్ గానీ సైక్లోన్‌డీఎక్స్ గానీ ఫార్మాట్ చాలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. టెండర్లలో అడిగితే అప్పటికప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

నోటీసుల ఫైల్

మొదటి కుప్ప లైబ్రరీలకు మీరు చెల్లించే ధర ఇదొక్కటే, అయినా ఎగ్గొట్టేది దీన్నే. ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్, ప్రోగ్రామ్‌లో ‘గురించి’ మెనూ నుంచి దాన్ని తెరిచే బటన్ పెట్టండి. ఒక్కో లైబ్రరీకి ఇలా రాయాలి:

పైసీరియల్, వెర్షన్ 3.5. లైసెన్స్: బీఎస్‌డీ 3-క్లాజ్. మార్పులు: ఏమీ లేవు. దాని కింద లైబ్రరీతో వచ్చిన కాపీరైట్ వరుస, లైసెన్స్ పాఠం యథాతథంగా.

‘యథాతథంగా’ అన్నది ముఖ్యం. ఎంఐటీ అన్నీ ఒకటే కదా అని ఒక్క పాఠం పెట్టి కింద పేర్లు రాస్తే కాపీరైట్ వరుసలు పోతాయి, అక్కడే షరతు తప్పుతుంది. తెలుగులోకి మార్చిన పాఠం కూడా చెల్లదు. కావాలంటే పక్కన వివరణగా ఇవ్వండి, అసలు పాఠం మాత్రం అలాగే ఉండాలి.

వెబ్‌లో వెబ్‌ప్యాక్ లాంటి బండ్లర్లు కోడ్‌ను కుదించేటప్పుడు లైసెన్స్ వ్యాఖ్యలను తీసి పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెడతాయి. డిప్లాయ్ స్క్రిప్ట్ జావాస్క్రిప్ట్ ఫైళ్లను మాత్రమే ఎక్కిస్తే అది సర్వర్‌కు చేరదు. జావాలో అన్ని జార్‌లూ కలిపి ఒకే జార్ కట్టినప్పుడు ఒకే పేరున్న లైసెన్స్, నోటీస్ ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడి చివరికి ఒక్కటే మిగులుతుంది. షేడ్ ప్లగిన్‌లో వాటిని కలిపే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఆన్ చేయండి. ఫ్లట్టర్‌లో మాత్రం లైసెన్స్ పేజీ సిద్ధంగా వస్తుంది, మెనూలో పిలిస్తే చాలు.

ఫాంట్లు, అతికించిన కోడ్

మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, నోటో సాన్స్ తెలుగు ఇవన్నీ ఓఎఫ్‌ఎల్ 1.1 అనే ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మొచ్చు, ఫాంట్‌ను విడిగా అమ్మకూడదు. లైసెన్స్ ఫైల్ వెంట ఉండాలి. ఫాంట్‌ను మారిస్తే, దాని లైసెన్స్‌లో పేరు రిజర్వ్ చేసి ఉన్నప్పుడు ఆ పేరు వాడకూడదు. ఆ ఫాంట్‌తో ప్రింట్ అయిన చీటీకి ఏ షరతూ అంటదు. విండోస్‌లో ఉండే నిర్మలా యూఐని పేరుతో పిలవొచ్చు, ఆ ఫైల్‌ను మీ ఇన్‌స్టాలర్‌లోకి కాపీ చేయకూడదు. డీటీపీ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫాంట్ల జోలికి అస్సలు పోవద్దు.

స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2018 మే తర్వాత రాసిన జవాబులు సీసీ బై-ఎస్ఏ 4.0 కింద ఉంటాయి. అంటే పేరు చెప్పాలి, మార్చినది అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. పెద్ద ఫంక్షన్ మొత్తంగా ఎత్తుకోకుండా, ఉపాయం అర్థం చేసుకుని మీరే రాయండి. ఏఐ టూల్ ఇచ్చిన కోడ్‌లో ఎవరిదో కాపీరైట్ వరుస కనబడిందంటే అది ఎక్కడి నుంచో యథాతథంగా వచ్చినట్టే. తీసేయండి.

మీ సొంత కోడ్ మీదేనా అన్నది కూడా చూసుకోవాలి. జీతానికి పనిచేసేవాళ్లు ఉద్యోగంలో భాగంగా రాసింది కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం మామూలుగా యజమానిదే. ఫ్రీలాన్సర్ రాసింది వాళ్లదే, సంతకంతో రాసిస్తేనే మీదవుతుంది. 19వ సెక్షన్ ప్రకారం ఆ కాగితంలో కాలం రాయకపోతే 5 ఏళ్లకే బదిలీ అయినట్టు, ప్రాంతం రాయకపోతే భారత్‌కే పరిమితమైనట్టు లెక్క. రెండూ రాయించండి.

ఇప్పటికే అమ్మేశాక తెలిస్తే

ముందుగా ఆ వెర్షన్ కొత్త అమ్మకాలు ఆపండి. దాచిపెట్టడానికి పాత రిపోజిటరీ చెరపొద్దు, అది తర్వాత మీకే పనికొస్తుంది. ఏ వెర్షన్, ఎన్ని చోట్ల ఉందో రాసుకుని, లైబ్రరీ మార్చిన కొత్త వెర్షన్ ఎక్కించండి. నోటీసుల ఫైల్ మర్చిపోవడం లాంటిదైతే తర్వాతి అప్‌డేట్‌లో పెడితే సాధారణంగా సరిపోతుంది.

హక్కుదారు నుంచి ఈమెయిల్ వస్తే ఊరుకోవడం అన్నిటికంటే చెడ్డ జవాబు. జీపీఎల్ 3, ఏజీపీఎల్ 3ల్లో, ఆ హక్కుదారు నుంచి ఇది మీకొచ్చిన మొదటి నోటీసే అయితే, అందిన 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే పోయిన హక్కులు శాశ్వతంగా తిరిగొస్తాయి. జీపీఎల్ 2లో ఆ గడువు లేదు, ఉల్లంఘించిన క్షణమే హక్కు పోతుంది. మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కాపీరైట్ చట్టం కింద సాహిత్య రచనగా లెక్క. తెలిసీ ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా దాకా ఉంది. అందుకే ఈమెయిల్ అందిందని అదే రోజు జవాబివ్వండి, తప్పొప్పుల గురించి మాత్రం అందులో ఏమీ రాయొద్దు, ఆ వాక్యాలు కాపీరైట్ తెలిసిన లాయరు చూశాకే వెళ్లాలి.

ఇక నుంచి ప్రతి రిలీజ్‌కూ ఒక ఫోల్డర్ పెట్టుకోండి. మిల్లుకు ఇచ్చిన ఇన్‌స్టాలర్, ఆ రోజు లైబ్రరీల పట్టిక, నోటీసుల ఫైల్, ఎల్‌జీపీఎల్ లైబ్రరీల సోర్స్ జిప్‌లు, బిల్డ్ చేసిన తేదీ అందులో ఉండాలి. ఆ వెర్షన్ చివరి మిల్లులో ఆగిపోయిన తర్వాత కూడా కనీసం 3 ఏళ్లు దాన్ని తీసేయకండి.